చూస్తే పోయేదేముంది

మా అత్త ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తుంది. పొయ్యి ఆర్పేశాక దగ్గరగా అరచెయ్యి పెట్టి చూస్తుంది. బస్సులో టిక్కెట్టు తీసుకుని, దాని మీద ఊరి పేరు చదివి, పక్కవాళ్ళ టిక్కెట్టు మీద కూడా అదే ఉందో లేదో ఓరకంట చూస్తుంది. ఆవిడ తమ్ముడైన మా నాన్న ఊరుకునేవాడు కాదు. "అక్కా, అద్దంలో మొహం చూసుకున్నాక కూడా వెనక్కొచ్చి మళ్ళీ చూసుకుంటావే, ఈలోగా ఎవరైనా మార్చేస్తారా?" అని ఏడిపించేవాడు.

"చూస్తే పోయేదేముందిరా" అనేది అత్త.

పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అన్నీ రెండుసార్లు చూసేదాని ముందు ఏ పెళ్ళికొడుకు నిలబడతాడు?" అని ఆవిడే ముందు నవ్వేది. అడిగినవాళ్ళు ఇక మాట మార్చేవాళ్ళు.

ఇప్పుడు కూడా అత్త తాళం లాగి చూస్తుంది. ఆ మాట మాత్రం అనదు. ఆ మాట ఎక్కడ పోయిందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

అత్త పనిచేసింది ఊరికి మంచినీళ్ళు పంపే శుద్ధి కేంద్రంలో. ఏటి నీళ్ళు పెద్ద కాలవలో లోపలికి వస్తాయి. పటిక కలిపితే అందులోని బురద ముద్దకట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు ఇసుకలో వడకట్టుకుని పంపుల గదికి, అక్కణ్ణుంచి కుళాయిలకు పోతాయి. పటిక తక్కువైతే ఊరంతా మట్టినీళ్ళు, ఎక్కువైతే వగరు. ఎంత వెయ్యాలన్నదే అక్కడ ప్రతిరోజూ తలనొప్పి.

మా ఇంట్లో కంప్యూటరు చదువు చదివిన మొదటి మనిషి అత్త. మనిషి రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు అనేదొకటి ఉంటుంది. అలాంటివి తయారుచెయ్యాలని ఆవిడ కోరిక. కాలేజీలో ఆఖరి ఏడాది పని కూడా దాని మీదే చేసింది. కానీ కంపైలర్లు రాసే ఉద్యోగం దగ్గర్లో ఎవరిస్తారు? నీళ్ళవాళ్ళు పిలిచారు, వెళ్ళింది. "కొన్నాళ్ళు చేసి చూద్దాం, చూస్తే పోయేదేముంది" అనుకుందట. జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయింది.

అక్కడ ఆవిడ రాసిన ప్రోగ్రాం పేరు రిగ్రెషన్. వినడానికి భయంగా ఉంటుంది గానీ, అది చేసేది మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చేసేదే. ఇదివరకు నీళ్ళు ఇంత మసకగా ఉన్నప్పుడు ఇంత పటిక పట్టింది, ఇంకాస్త మసకైనప్పుడు ఇంకొంచెం పట్టింది, కాబట్టి రేపటి నీళ్ళకు ఇంత పడుతుంది అని పాత రోజుల అంకెలన్నీ చూసి అంచనా కడుతుంది. అందరూ అత్తను లెక్కల మేడం అనేవాళ్ళు.

అంకెలు టైపు చెయ్యడానికి ఒక అమ్మాయి ఉండేది. అత్తకన్నా చిన్నది. ఆమె వేళ్ళు కీబోర్డు మీద పడితే కింద నీళ్ళ తొట్ల దాకా వినపడేదట, అందుకని టకటక అని పేరు పెట్టారు. పంపుల గదిలో పనిచేసే పెద్దాయన కూతురు ఆమె. ఆయన తన కూతురి కోసం ఆఫీసులో అందర్నీ బతిమాలి ఆ పని ఇప్పించుకున్నాడు. అత్తనూ టకటకనూ ఒక్క గదిలో కూర్చోబెట్టారు. ఆమె అక్కా అని పిలిచేది. అత్త ఆమె తండ్రిని బాబాయ్ గారూ అనేది. మధ్యాహ్నం ముగ్గురూ పంపుల గది మెట్ల మీద కూర్చుని అన్నాలు తినేవాళ్ళు. లోపల హోరులో మాట వినపడదు కాబట్టి ఆయన ఏళ్ళ తరబడి మనుషుల పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. మెట్ల మీదకొచ్చినా అదే అలవాటు. "అన్నం నములుతూ మాట్లాడకండమ్మా, చదవలేకపోతున్నా" అనేవాడట.

ఆ రోజుల్లో కాలవ మీద నీటి మసక కొలిచే మీటరు పాతదైపోయిందని పక్కనే ఇంకో కొత్తది పెట్టారు. పాతది తీసెయ్యలేదు. "ఒకటికి రెండు మంచిదే కదా" అని అత్త రెండిటి అంకెలూ లెక్కలోకి తీసుకుంది. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఏరు తేటగా, నెమ్మదిగా పారే రోజులొచ్చాయి. ఒకరోజు ప్రోగ్రాం పటిక బాగా తగ్గించమని చెప్పింది. లెక్కల మేడం ప్రోగ్రాం చెప్పింది కదాని తగ్గించారు. తెల్లారేసరికి ఊళ్ళో కుళాయిల్లో మట్టినీళ్ళు. జనం బిందెలతో గేటు ముందుకొచ్చారు.

పెద్దసారు, అంటే అప్పటి సూపరింటెండెంటు, అత్తను పిలిచి తప్పెక్కడుందో చూడమన్నాడు. అత్త చూసింది. ఆవిడ చూడటమంటే మామూలుగా ఉండదు. మధ్యలో ఏ అంకె ఎలా వస్తోందో ప్రింటరు మీద అచ్చు పడేలా ప్రోగ్రాంలో ఒక లైను కలిపి మళ్ళీ నడిపింది. జవాబు సరిగ్గా వచ్చింది. ఇంకోసారి నడిపింది. మళ్ళీ సరిగ్గానే. షిఫ్టువాళ్ళు మీటర్లు చూసి రాసిచ్చిన కాగితాలతో పోలిస్తే టైపు చేసిన అంకెల్లో ఒక్కటీ తేడా లేదు.

ఇక్కడే అత్త పప్పులో కాలేసింది. ఆవిడ లెక్క ఏమిటంటే, కలిపింది ఉత్త అచ్చు వేసే లైను, అది చూడటానికే, దాంతో ఏదీ మారదు. నిన్న తప్పొచ్చింది, ఇవాళ ఒప్పొచ్చింది. ప్రోగ్రాం మారలేదు కాబట్టి అంకెలు మారి ఉండాలి. నిన్న తప్పు టైపు చేసి, గొడవయ్యాక ఎవరో గుట్టుగా దిద్దేశారు. ఎప్పుడు దిద్దారో చూద్దామంటే ఆ కంప్యూటర్లో గడియారం ఎన్నడో చచ్చింది, ఏ ఫైలు మీద చూసినా ఒకటే తేదీ.

పెద్దసారు అడిగితే అత్త ఒకే మాట అంది. "ప్రోగ్రాంలో తప్పు లేదండీ."

టకటక పేరెత్తలేదు. ఎత్తక్కర్లేదు. ఆ గదిలో ఉండేది ఇద్దరే.

ఆమెను పిలిస్తే, గుమ్మంలోనే "నేనేమీ ముట్టుకోలేదండీ" అందట. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుందే" అన్నాడట పెద్దసారు. ఆమె టైపు చేసినవన్నీ సరిగ్గా ఉండటమే ఆమె నేరమైంది. ఆ వారంలోనే మానిపించేశారు. వెళ్ళేటప్పుడు ఆమె అత్త వైపు చూసింది. అత్త తెరలోకి చూస్తూ ఉండిపోయింది.

ఇకముందు ఎవరూ అలా చెయ్యకుండా, మధ్యలో అంకెలు కనపడుతూ ఉంటే మంచిదని అత్త ఆ అచ్చు లైనును ప్రోగ్రాంలోనే ఉంచేసింది. తర్వాత ఏళ్ళూ పూళ్ళూ గడిచినా ఒక్క తప్పు రాలేదు. "ఆ అమ్మాయి వెళ్ళాక చూడండి, నీళ్ళు అద్దంలా ఉన్నాయి" అనేవాళ్ళు. అత్త కూడా అలాగే అనుకుంది.

నేను అక్కడికి వెళ్ళేసరికి ఇదంతా పాత కథ. అమ్మకు ఒంట్లో బాగోక నేను బడి మానేశాను. అమ్మ కోలుకునేసరికి నా తోటివాళ్ళు చాలా పైకి వెళ్ళిపోయారు, చిన్నపిల్లల మధ్య మళ్ళీ కూర్చోవడానికి నాకు సిగ్గేసింది. ఇంట్లో మూలన కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. "దీన్ని ఇలా వదిలేస్తే గోడకు బల్లిలా అతుక్కుపోతుంది" అని అత్త నన్ను లాక్కెళ్ళి అంకెలు టైపు చేసే కుర్చీలో కూర్చోబెట్టింది. గది కిటికీ కిందే తొట్లు. నీటి మీది వెలుగు పైకప్పు మీద కదులుతూ ఉంటుంది. కీబోర్డు మీద అంకెలన్నీ చెరిగిపోయాయి, చేతికి తెలియాల్సిందే. కుర్చీలో పాత చీరముక్కలతో కుట్టిన దిండొకటి ఉండేది. "ఇదెవరిదత్తా?" అని అడిగితే, "ఎవరిదో. ఎప్పట్నుంచో ఉంది" అంది.

అత్త రిటైరు కావడానికి కొంచెం ముందు, ప్రింటరుకు సిరా రిబ్బను అయిపోయింది. ఆ రకం ఎక్కడా దొరకట్లేదు. ఇప్పటి సూపరింటెండెంటు, "మేడం, ఆ ప్రింటరు కొట్టే గోల తప్ప దాంతో మనకు పనేముంది? తీసేద్దురూ" అన్నాడు. ఎలాగూ తర్వాత వచ్చేవాళ్ళకు ప్రోగ్రాం శుభ్రంగా అప్పజెప్పాలి కదాని అత్త అచ్చు వేసే లైను తీసేసింది. ఏరు తేటగా ఉన్న రోజులవి. నేను అంకెలు టైపు చేశాను, అత్త నడిపింది, జవాబు కాగితం మీద రాసి కెమిస్టు గారికి పంపింది.

కెమిస్టు గారు గాజు పాత్రల్లో నీళ్ళూ పటికా కలిపి చూసే మనిషి. అత్త చేరిన కొత్తల్లోనే చేరాడు. కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చేశాడు.

"లెక్కల మేడం, మీ మిషను పిసినారైపోయిందా ఏంటి? ఈ పటిక నా పాత్రకే చాలదు, ఊరికేం వేస్తాం?"

అత్త కాగితం చూసింది. తెర చూసింది. నా వైపు తిరిగి, "నువ్వేమైనా మార్చావా?" అంది.

"నేనేమీ ముట్టుకోలేదత్తా."

నేను అన్నది అంతే. అత్త నా కింది దిండు వైపు చూసింది. పొద్దుట్నుంచి ఆవిడ నా పక్కనే ఉంది. నేను కుర్చీలోంచి లేవలేదని ఆవిడకు తెలుసు. కెమిస్టు గారు కూడా నన్నూ దిండునూ చూసి, అక్కడే ఉన్న కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

అత్త అచ్చు లైను మళ్ళీ పెట్టింది. ప్రింటరు రిబ్బను లేకుండానే కాగితాన్ని కొట్టింది. జవాబు సరిగ్గా వచ్చింది. లైను తీసింది. తప్పొచ్చింది. పెట్టింది. ఒప్పు. అంకెల జోలికి ఎవరూ వెళ్ళలేదు.

"ఇదేం చోద్యం మేడం? చూస్తుంటే బుద్ధిగా ఉంటుంది, చూపు తిప్పితే అల్లరి చేస్తుందా?" అన్నాడు కెమిస్టు గారు.

అత్త నవ్వలేదు. కంపైలరు యంత్రం భాషలోకి మార్చిన రూపాన్ని తెర మీద తెరిచి, ఒక్కో వరస మీద వేలు పెట్టి చదవసాగింది. కాలేజీలో వదిలేసిన చదువు అది. చదువుతుంటే కాసేపు ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది, అది నేను చూశాను. తర్వాత వేలు ఒకచోట ఆగింది. ఆ వెలుగు పోయింది.

"ఏమైందత్తా?" అన్నాను.

అత్త బల్ల మీదున్న పెన్ను నా చేతిలో పెట్టింది. కత్తెర పెట్టింది. గ్లాసు, తాళాల గుత్తి, జిగురు సీసా. రెండు చేతులూ నిండిపోయాయి.

"ఇది కూడా పట్టుకో" అని స్కేలు చాపింది.

"ఎక్కడ పట్టుకోను?"

"మరేం చేస్తావ్?"

"ఏదో ఒకటి బల్ల మీద పెట్టి తీసుకుంటా."

"అదే. యంత్రానికీ అలాంటి చేతులు కొన్నే ఉంటాయి. రిజిస్టర్లంటారు. లెక్క జరిగేది అక్కడ. నిండిపోతే మిగతావి మెమరీలో, అంటే అరలో పెట్టి మళ్ళీ తీసుకోవాలి. ఏది చేతిలో ఉంచాలో ఏది అరలో పెట్టాలో చూసుకునేది కంపైలరు. నేను చదువుకున్నది ఆ ఒక్క పనే." స్కేలు బల్ల మీద పెట్టింది. "ఈ యంత్రంలో చేతిలో ఉన్నప్పుడు సంఖ్యకు తోక, అంటే దశాంశం చుక్క తర్వాతి అంకెలు, పొడుగ్గా ఉంటుంది. అర పొట్టిది. అరలో పెట్టాలంటే తోక కత్తిరించాలి."

ఏరు తేటగా ఉన్నప్పుడు రెండు మీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి. రెండూ ఒకటే చెబుతుంటే రెండోది వదిలెయ్యమని అత్త ముందే ప్రోగ్రాంలో రాసింది. అయితే మొదటి మీటరు అంకెలన్నీ కూడిన మొత్తాన్ని యంత్రం అరలో పెట్టేసింది, తోక తెగింది. రెండో మీటరు మొత్తం ఇంకా చేతిలోనే ఉంది, తోకతో. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సున్నా రావాలి. తోక మిగిలింది. ఆ గోరంత తోకను చూసి రెండో మీటరు ఏదో కొత్త సంగతి చెబుతోందనుకుని, ప్రోగ్రాం దాని మీద కొండంత లెక్క కట్టి పటిక తగ్గించేసింది. అచ్చు లైను ఉంటే చేతులు ఖాళీ చెయ్యక తప్పదు, రెండోదీ అరలోకి పోతుంది, దాని తోకా తెగుతుంది, సున్నా వస్తుంది.

"అంటే... మనం చూడటం వల్లే సరిగ్గా వచ్చిందా ఇన్నాళ్ళూ?" అన్నాడు కెమిస్టు గారు.

అత్త కుర్చీలోని దిండు మీద చెయ్యి వేసింది. "ఇది ఆ పిల్ల కుట్టింది" అంది. అప్పుడే ఆ పాత కథంతా నాకు చెప్పింది. మధ్యమధ్య కెమిస్టు గారు తాను చూసింది కలిపాడు. చివర్లో, "నేనూ అక్కడే ఉన్నాను మేడం, నోరు మెదపలేదు. తిలాపాపం తలా పిడికెడు" అన్నాడు.

"పిడికెడు మీది. తక్కినదంతా నాదే" అంది అత్త.

రెండో మీటరును లెక్కలోంచి తీసేస్తే ప్రోగ్రాం బాగైపోయింది. ఆ పని చిటికెలో అయింది. ఇక మిగిలింది టకటక మీద పడిన మచ్చ. రిటైరయ్యేలోగా దాన్ని తుడిచెయ్యాలని అత్త పట్టుబట్టింది. సూపరింటెండెంటు దగ్గరికి వెళ్తే, "ఎప్పటిదో కదా మేడం. ఆవిడెవరో నాకు తెలీదు, ఇప్పుడున్నవాళ్ళలో చాలామంది ఆవిడని ఎరగరు. పోయేముందు మీ మీద మీరే బురద చల్లుకోవడం ఎందుకు? బురద తియ్యడం కదా మన పని" అని నవ్వాడు.

కెమిస్టు గారు వాకబు చేసి చెప్పాడు, టకటక బట్టలుతికి ఇస్త్రీ చేసే పెద్ద దుకాణంలో కౌంటరు దగ్గర ఉంటుందని. అత్త నన్ను తోడు తీసుకెళ్ళింది. దుకాణం ముందు అటూ ఇటూ తిరిగి, బోర్డు రెండుసార్లు చదివి, అప్పుడు లోపలికి అడుగు పెట్టింది.

ఆవిరి వాసన. కౌంటరు వెనక కళ్ళజోడు పెట్టుకున్నావిడ చొక్కా కాలరు లోపల అంకె ఉన్న గుడ్డముక్క కుడుతోంది. సూది వేగం చూస్తే ఆవిడే టకటక అని చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

"రసీదు ఉందా?" అంది, తల ఎత్తకుండా.

"రసీదు లేదు. నేను..."

తల ఎత్తింది. కళ్ళజోడు సర్దుకుని చూసింది. "మేడం గారా! కూర్చోండి. ఈ పిల్లెవరు?"

"నా మేనకోడలు. నువ్వు... అప్పట్లో అక్కా అనేదానివి."

"అప్పట్లో మీరు పక్క కుర్చీలో ఉండేవారు."

అత్త మొదలుపెట్టింది. చేతులు, అరలు, తోకలు. అన్నీ చెబుతోంది, ఒక్కటీ వదలట్లేదు. టకటక సూది ఆపి చెయ్యెత్తింది.

"ఆ తోకలూ తొండాలూ నాకొద్దు. ఒక్కటి చెప్పండి. నేను ముట్టుకోలేదని మీకు తెలిసిందా?"

"తెలిసింది."

"నాకు అప్పుడే తెలుసు."

ఎవరో వచ్చి "అమ్మా, నా కోటు" అన్నాడు. ఆమె లేచి, వరసలో వేలాడుతున్న వాటిలోంచి చూడకుండానే కోటు లాగి ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఆవేళ ఆ మిషన్ని ఎన్నిసార్లు అడిగుంటారు మీరు? తిప్పి తిప్పి అడిగారు, నేను పక్కనే ఉండి చూశాను. ఏమే, ఏం జరిగింది అని నన్నొక్కసారి అడగొచ్చుగా?"

అత్త కౌంటరు మీది గుడ్డముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"పోనీలెండి. ఉద్యోగం పోతే ఇంకోటి దొరికింది. మా నాన్న సంగతే..." దారం నోటితో తుంచింది. "ఆయన నమ్మేశాడు. లెక్కల మేడం అబద్ధమాడదు, నువ్వే పొరపాటు చేసుంటావులే అన్నాడు. తిట్టలేదు. కొట్టలేదు. కానీ ఆనాటి నుంచి నేను తలుపు గడియ పెట్టానంటే లేచెళ్ళి చూసేవాడు. పొయ్యి కట్టేశానంటే లేచెళ్ళి చూసేవాడు. మందులు నేను లెక్కపెట్టి ఇస్తే అరచేతిలో పోసుకుని మళ్ళీ లెక్కపెట్టుకునేవాడు. మంచాన పడ్డాక కూడా, నాన్నా, పెట్టాను పడుకో అంటే, చూస్తే పోయేదేముందమ్మా అనేవాడు." అత్త వైపు చూసింది. "ఆ మాట ఆయనకు మీ దగ్గర అబ్బింది. మెట్ల మీద అన్నాలు తినేటప్పుడు."

అత్త కౌంటరు మీదికి వంగింది.

"అందరి ముందూ చెబుతాను. రిటైర్మెంటు రోజు మీటింగు ఉంది. నువ్వు కూడా రా."

"నేను రాను. చెప్పాల్సినాయన లేడు. మిగతావాళ్ళకు చెబితే ఎంత, చెప్పకపోతే ఎంత? మీకంత చెప్పాలని ఉంటే ఆయన కూర్చున్న చోట చెప్పండి." సూది మళ్ళీ తీసుకుంది.

అత్త తన వీడ్కోలు మీటింగు పంపుల గదిలో పెట్టమంది. అందరూ నవ్వారు. "మేడం, అక్కడ మైకు పెట్టినా ఒక్క ముక్క వినపడదు" అన్నారు. "అక్కడే" అంది. రిటైరయ్యే మనిషి కోరిక కదాని ఒప్పుకున్నారు. కుర్చీలు వేశారు. పంపులు ఆపడానికి లేదు, ఊరికి నీళ్ళు పోవాలి. నేల సన్నగా అదురుతోంది, బల్ల మీది గ్లాసుల్లో నీళ్ళు వణుకుతున్నాయి. సూపరింటెండెంటు ఏదో మాట్లాడాడు. పెదాలు కదిలాయి, అందరం చప్పట్లు కొట్టాం.

అత్త లేచింది. జనం వైపు తిరగలేదు. గోడ పక్కన, మీటరు డబ్బా కింద, నూనె మరకలతో ఒక పాత ఇనప స్టూలు ఉంది. పంపులు చూసుకునేవాళ్ళు కూర్చునేది. దాని ఎదురుగా నిలబడి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"బాబాయ్ గారూ, మీ అమ్మాయి తప్పు చెయ్యలేదు. తప్పు నా ప్రోగ్రాంలో ఉంది. నేను అడగకుండా మాట అనేశాను. మీ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు."

అంతే. వచ్చి కూర్చుంది. వెనక ఎవరో "ఏమన్నారు?" అని చెవిలో అరిచారు. "అందరికీ థాంక్స్ చెప్పారనుకుంటా" అని ఇంకెవరో అరిచారు. చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు. ముందు వరసలో ఉన్న కెమిస్టు గారు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు అత్త నన్ను పంపింది. "నేను చెప్పానని చెప్పిరా. నువ్వేమీ కలపకు." కలపడానికి నాకు మాటలెక్కడివి? దుకాణంలో కౌంటరు ముందు నిలబడ్డాను. టకటకే అంది.

"ఏమ్మా, మీ అత్త చెప్పిందా?"

"చెప్పింది."

"ఏమన్నారు జనం?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "చప్పట్లు కొట్టారు. ఎవరికీ వినపడలేదు."

ఆమె నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వింది. "పంపులు ఆపలేదా?"

"ఆపలేదు."

"ఆపరు. ఎవరి కోసమూ ఆపరు." తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఎటు తిరిగి చెప్పింది?"

"స్టూలు వైపు. ఎదురుగా నిలబడి. మెల్లిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది."

ఆమె చేతిలో ఉన్న గుడ్డముక్క కేసి చూస్తూ ఉండిపోయింది. దాని మీద అంకె కుట్టడం సగంలో ఆగింది. లోపల ఇస్త్రీ పెట్టె బుస్సుమంటోంది.

"అలా అయితే ఆయనకు వినపడేదే" అంది. ఆ మాట నాతో అన్నట్టు లేదు.

నేను వెళ్ళబోతుంటే వెనక నుంచి పిలిచింది. "మీ అత్తతో చెప్పు. ఉతకాల్సిన దుప్పట్లు అవీ ఉంటే తెచ్చుకోమను. ఊరికే వచ్చి నిలబడితే నా పని చెడుతుంది."

ఆ సంగతి చెప్పగానే అత్త లేచింది. అటక మీంచి ఉన్ని దుప్పటి దింపి, విప్పి, కిటికీ దగ్గర వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మాసిందంటావా?" అని నన్నడిగింది.

"ఉతకడానికి వెయ్యొచ్చత్తా."

"ఇంకొన్నాళ్ళు కప్పుకుంటే మాస్తుందేమో" అని మడతపెట్టేసింది.

అది జరిగి ఒక చలికాలం వెళ్ళిపోయింది. దుప్పటి ఇప్పటికి చాలాసార్లు దిగింది, చాలాసార్లు అటకెక్కింది. నేను తీసుకెళ్ళనా అని అడిగితే "వద్దు, నేనే వెళ్ళాలి" అంటుంది. నేను పనికి వెళ్తూ వీధి మలుపులో తిరిగి చూస్తాను. అత్త దుప్పటి చంకలో పెట్టుకుని బయటికొచ్చి, తాళం వేసి, మలుపు దాకా నడిచి, వెనక్కి వెళ్ళి తాళం లాగి చూస్తుంది. చూసి, తాళం తీసి, లోపలికి వెళ్ళిపోతుంది.